కరకట్ట మీద కీర్తిశేషులు

రెండువేల నాలుగు, కృష్ణా పుష్కరాలు. బెజవాడ ఘాట్‌లో పితృకార్యం ముగించుకొని, విశ్రాంత ఆంధ్రోపన్యాసకులు రామకోటేశ్వరరావు గారు, అక్కగారైన బుల్లెమ్మ సమేతంగా, మదార్ సాహెబ్ సారథ్యంలో, అద్దె అంబాసిడర్‌నధిరోహించి కరకట్ట వెంట సాగరసంగమానికి దండయాత్ర సాగిస్తున్న సమయం.

“మళ్ళీ ఆపావేం, మదార్ సాహెబూ? ఇందాకేగా తోట్లవల్లూరులో ఇడ్లీలకి ఆపావు!”

“సారే ఆపమన్నారమ్మా.”

“అక్కయ్యా, ఒక్కసారి అటు చూడు. కృష్ణవేణి! రెండు గట్ల నడుమ పట్టమహిషిలా ఎంత ఠీవిగా...”

“నది సంగతి నది చూసుకుంటుంది. నువ్వు నా మొహం చూసి చెప్పరా, కోటేశూ. బతికున్న తమ్ముడికి పిండం పెడతావా?”

“మళ్ళీ మొదలా? నువ్వు పోనియ్ సాహెబ్.”

“అసలు ఆపిందెప్పుడు? పిండాల దగ్గర అయ్యవారు, పోయినవాళ్ళ పేర్లు చెప్పమంటే నాన్న పేరు చెప్పావు, అమ్మ పేరు చెప్పావు, ఆ నోటితోనే హనుమయ్య పేరూ చెప్పావు. పైగా నవ్వావు!”

“నా మటుకు వాడు కీర్తిశేషుడే. కీర్తి కూడా లేదు, ఉత్త శేషుడు.”

“నీ చమత్కారం తగలెయ్య!”

“నా చేనికి రావలసిన కాలవ నీటి వంతు, బోదెగట్టు తెంపి తన చేలోకి మళ్ళించుకున్నాడు. నా నారు నిలువునా ఎండింది.”

“తెంపింది వాడి పాలేరు.”

“రాజాజ్ఞ లేకుండా సైన్యం కదులుతుందా?”

“ఏడేళ్ళయిందిరా! ఇంత నది పక్కన కూచుని, బోదెడు నీళ్ళకి తమ్ముణ్ణి చంపుకుంటావా?”

“సార్, మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం గుడి వచ్చింది. ఆపాలా?”

“ఆపు సాహెబ్. ఆంధ్రవిష్ణువు దర్శనం, ఆ వెనక వేడివేడి గారెలు...”

“ఆపావంటే దిగి నడిచిపోతా! ఊరూరా నా పొట్ట నింపి, అవనిగడ్డలో వాడింట భోజనం తప్పించాలనేగా నీ ఎత్తు? అక్కడ మరదలు మనకోసం ఎసరు పెట్టుకు కూచుంది.”

“నీ కోసం అను. స్వర్గస్థుల ఇంట నేను చెయ్యి కడగను.”

“కడక్కపోతే నేను నీ గడప తొక్కను. ఇంకో పుష్కరం చూస్తానా నేను? మీరిద్దరూ ఒక్క బంతిలో కూచుని తింటుంటే చూసి పోదామనుకున్నాను. అదీ దక్కనివ్వవా?”

“సాహెబ్, నువ్వు చెప్పవయ్యా. నీ తమ్ముడు నీ నీళ్ళు దొంగిలిస్తే ఏం చేస్తావు?”

“మాది వీధికుళాయి సార్. రోజూ నా బిందె పక్కకి నెట్టి తనది పెడతాడు. రోజూ తిడతాను.”

“చూశావా అక్కయ్యా! తరవాత?”

“తరవాతేముంది సార్. సాయంత్రం వాడింట్లో టీ తాగుతా.”

“నువ్వు రోడ్డు చూసి నడుపు!”

“ఒరేయ్, చెప్పకూడదనుకున్నాను, చెప్పిస్తున్నావు. వాడూ పెట్టాడు.”

“ఏం పెట్టాడు?”

“పిండం. మొదటిరోజే, అవనిగడ్డ రేవులో, నీకు. నేను పక్కనే ఉన్నాను.”

“నాకా! నాకు పిండమా! బండాపు సాహెబ్!”

“ఆపితే వెనక బస్సు గుద్దుద్ది సార్.”

“జ్యేష్ఠుణ్ణి! తరాలకు పాఠం చెప్పినవాణ్ణి! నిక్షేపంగా ఊపిరి పీలుస్తున్నవాణ్ణి! ఎంత కండకావరం వాడికి!”

“నువ్వు పెడితే చమత్కారం, వాడు పెడితే కండకావరమా? ఒక్క కడుపున పుట్టిన వెధవలు!”

“నా పేరయినా పూర్తిగా చెప్పాడా, ఊరికే కోటయ్య అన్నాడా?”

“చెప్పలేకపోయాడు.”

“ఏం, మర్చిపోయాడా?”

“‘రామ’ అన్నాడు. అంతే. పిండం చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళల్లో భోరుమన్నాడు. అయ్యవారు పాపం, ‘ఎప్పుడు పోయారు బాబూ’ అని ఓదారుస్తుంటే, ‘పోలేదండీ’ అని ఇంకా ఏడ్చాడు.”

“...ఏడ్చాడా?”

“నీళ్ళల్లో వదల్లేదు దాన్ని. ఇంటికి తెచ్చి ఆవుకి పెట్టాడు.”

“ఆవుకా?”

“ఆవుకే. బతికున్న అన్నకి నీళ్ళల్లో వదలలేనన్నాడు. చెప్పు ఇప్పుడు, శేషుడని!”

“సార్, మోపిదేవి కూడా దాటాం. ఎదురుగా అవనిగడ్డే. తిన్నగా సంగమానికి, హంసలదీవికేనా?”

“హనుమయ్య ఇంటిముందు ఆపు.”

“దిగుతావా?”

“దిగకేం! బతికున్నవాడికి పిండమేమిటని వాణ్ణి నాలుగు దులపొద్దూ? ...అక్కయ్యా.”

“ఏమిట్రా?”

“నేను నవ్వానని మాత్రం వాడితో అనకు.”