మందు మా ఆయనది కాదు

హలో… నేనే వదినా, నగ్లాని. ఇది నా ఫోనే, నీ తమ్ముడిది కాదు… బాగున్నా. దమన్‌హూర్‌లో కూడా వానలేనా?… ఇక్కడ అడక్కు. సముద్రం రోడ్డు మీదికొచ్చి కూర్చుంది.

సబ్రీ ఇంట్లో లేడు. షెడ్డులో ఏదో పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు… గొంతు తగ్గించాలా? ఎందుకు? ఇంట్లో నేనూ పిల్లీ ఉన్నాం. పిల్లి ఎవరికీ చెప్పదులే.

ఊఁ… ఊఁ… ఏం విన్నావు?

ఓహో! అక్కడిదాకా వచ్చేసిందా! అలెగ్జాండ్రియా నుంచి మీ ఊరికి రైలు కూడా ఇంత తొందరగా రాదు వదినా… ఎవరు చెప్పారు?… మా పక్కింటి వాయిల్ వాళ్ళమ్మ. ఇంకెవరు చెప్తారు!

కాదు, నువ్వే చెప్పు. నీ నోటితో వినాలనుంది… "మా తమ్ముడికి మగతనం పోయిందట." ఆహా. ఎంత ముద్దుగా చెప్పావు. కాస్త ఏడుపు కూడా కలిపావు.

నవ్వట్లేదు. నేనెందుకు నవ్వుతా?

సరే, జరిగింది విను. మా వీధి మూల మందుల షాపు డాక్టర్ హమ్దీ తెలుసుగా… ఆఁ, ఆ పెద్ద గొంతాయనే. చీటీ ఇచ్చా. చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. లోపలికెళ్ళి పెట్టె తెచ్చి, మసీదు మైకులో చెప్పినట్టు చెప్పాడు… "మగ హార్మోను జెల్ అమ్మా! మన మెకానిక్ ఉస్తా సబ్రీని రోజూ పొద్దున్నే భుజాలకి రాసుకోమనండి! దిగులుపడొద్దనండి, ఈ వయసులో ఎవరికైనా ఉండేదే!"… నా వెనకాలే వాయిల్ వాళ్ళమ్మ. దగ్గు మందుకొచ్చిందట. దగ్గు అక్కడికక్కడే తగ్గిపోయింది.

నేనేమంటా? పెట్టె సంచిలో వేసుకుని బయటపడ్డా.

సాయంత్రానికల్లా మొదలైంది. మూడో అంతస్తు ఆవిడ కూరిన పావురాలు పంపింది. చేపలాయన రొయ్యల సూపు పంపాడు, ఊరికే. ఇంకెవరో మగాళ్ళకి బలమని గర్గీర్ ఆకు, కట్టలు కట్టలు. మా వంటిల్లు చూస్తే కొత్త పెళ్ళికొడుకు దిగాడనుకుంటావు… ఆయనెక్కడ తిన్నాడు! ముట్టుకోలేదు. నేనే తిన్నా. పావురాల్లో మిరియం కాస్త ఎక్కువైంది.

కాఫీ కొట్టులో ఇంకా బావుందట. ఈయన లోపలికి వెళ్ళగానే అందరూ గొంతులు తగ్గించేస్తున్నారట, చావు పలకరింపుకి వచ్చినట్టు. తౌలా ఆటలో పాచికలు కూడా మెల్లగా వేస్తున్నారట. పైగా కావాలని ఓడిపోతున్నారట. పుట్టి బుద్ధెరిగాక నీ తమ్ముడు ఇన్ని ఆటలు గెలవలేదు.

ఏంటీ?… చేతబడి చేసి కట్టు కట్టారా? ఎవరు కట్టారు?… మీ షేక్ చెప్పాడా. చూడకుండానే చెప్పాడా! గొప్పాయనే… నీళ్ళ సీసా మంత్రించి ఇచ్చాడా… ఊఁ… గుమ్మం కింద పాతిపెట్టాలా?

వదినా, మాది నాలుగో అంతస్తు. మా గుమ్మం కింద మూడో అంతస్తు ఆవిడ పడకగది ఉంది.

ఎగతాళి కాదు. నిజంగా అడుగుతున్నా, ఎలా పాతను?

ఆఁ… ఇప్పుడొచ్చావు అసలు మాటకి. నా వల్లా? చెప్పు, చెప్పు… పెళ్ళాం తలకి గుడ్డ చుట్టుకుని, ఉల్లిపాయ వాసనతో తిరిగితే ఏ మగాడికైనా… ఊఁ. మరి ఆయన డీజిలు వాసనతో వస్తాడే! అది నేను అత్తరు అనుకోవాలి కాబోలు.

నీ తమ్ముడి మీద నీకు ప్రేమ ఉంటే ఉండనీ, కాదనను. కానీ ఈ వారమంతా ఈ ఇంట్లో నేనెలా ఉన్నానో నీకేం తెలుసు? వస్తాడు, తింటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఒక్క మాట లేదు. నా మూలంగా పరువుపోయిందని కోపం, అది మాత్రం తెలుస్తూనే ఉంది. తిడితే బావుండేది. తిట్టడు కూడా…

ఏంటీ?

ఎవరన్నారు?… నువ్వు నిన్న ఫోన్ చేశావా? ఆయనకా?… ఏమన్నాడు? మళ్ళీ చెప్పు…

"మందు నాదే అక్కా." అలాగే అన్నాడా? తన నోటితో?… "నగ్లాని ఏమీ అడక్కు. తనకి బాధ" అన్నాడా…

…ఉన్నా. వినపడుతోంది.

కాఫీ కొట్టులో కూడానా?… వాయిల్ వాళ్ళ నాన్న అందరి ముందూ అడిగాడా… "అవును నాదే, నీకూ కావాలా" అన్నాడా!… నాకు చెప్పలేదు. నాతో ఒక్క ముక్క అనలేదు వదినా.

లేదు, ఏడవట్లేదు. ఉండు, ముక్కు తుడుచుకోనీ.

వదినా… ఆ మందు ఆయనది కాదు. నాది.

నాది అంటున్నా. నేను రాసుకుంటున్నా… భుజానికి కాదు, తొడకి. బఠాణీ గింజంత.

హలో?… హలో, ఉన్నావా? సీసా గానీ కింద పడేశావా?

మగ హార్మోనే. డాక్టర్ ఇన్జీ ఇచ్చింది… ఆడ డాక్టరే. అది మగవాళ్ళ సొత్తేం కాదట. మన ఒంట్లోనూ ఉంటుందట, వయసుతో తగ్గుతుందట. ఆడవాళ్ళకని విడిగా చేసింది ఇక్కడ దొరకదు. అందుకని మగవాళ్ళదే, కొంచెం వాడమంది. మధ్యలో రక్తం తీసి చూస్తుంది. పెట్టెలో కాగితం నేనూ చదివానులే. అందులో ఆడవాళ్ళ గురించి ఒకే ఒక్క ముక్క ఉంది: తాకరాదు అని.

మీసాలా? ఇంకా రాలేదు. వస్తే నీ తమ్ముడి మీసాలకంటే బావుంటాయి.

తెలుసు, ఆయనకి మొదట్నుంచీ తెలుసు. తలకాయ గోక్కున్నాడు, "నీ ఇష్టం" అన్నాడు. ఎండాకాలం చివర్లో మొదలుపెట్టా. మొదటి పెట్టె ఎక్కడో రమ్ల్ స్టేషన్ దగ్గర, మొహం తెలియని చోట కొన్నా. ఈసారి వాన. అంత దూరం ఎందుకులే అని మూల షాపుకెళ్ళా. అంతే జరిగింది.

ఏమంటున్నావు?… ఎవరికీ చెప్పొద్దా?

ఆయన మీదే ఉండనివ్వాలా… మగాడు, ఎలాగోలా ఓర్చుకుంటాడు, జనం జాలిపడి వదిలేస్తారు… నాదని తెలిస్తే? ఏమంటారు? అను, పర్లేదు… "ఈ వయసులో దీనికి ఇంకా కావాలా" అంటారు. ఆఁ. మొగుడు చచ్చుబడ్డాడంటే పావురాలు పంపుతారు. పెళ్ళాం బతికుందంటే ఏం పంపుతారు వదినా?

మక్కాకి ఉమ్రా వెళ్ళే వయసే. వెళ్తా. ఆయనతోనే కలిసి వెళ్తా. ఆయనంటే ఇష్టంతో వెళ్తా. అందులో తప్పేముంది?

మనవాళ్ళు నెల ఆగే వయసుకి పెట్టిన పేరు చూడు… నిరాశ వయసు! ఎవడు పెట్టాడో గానీ వాడికి నెలసరి రాలేదు, ఆగనూలేదు. నెల ఆగింది కదా, ఇంక మూల కూర్చుని చిక్కుడు గింజలు ఒలుచుకో, మనవల స్వెట్టరు అల్లుకో. అంతేగా?

కోపం నీ మీద కాదు. విను. ఒంట్లోంచి వేడి ఆవిర్లొచ్చేవి, దానికి ఇన్జీ ఒంటికి అంటించుకునే పట్టీలిచ్చింది, తగ్గాయి. నిద్ర వచ్చింది. కానీ ఆయన పక్కన పడుకుంటే పక్కింటి గోడ పక్కన పడుకున్నట్టుండేది. కోపం లేదు, అసహ్యం లేదు. ఏమీ లేదు. ఆయన చెయ్యి వేస్తే, ఎప్పుడు తీస్తాడా అని చూసేదాన్ని. మంచివాడు వదినా, తీసేసేవాడు. తీసేసి నిద్రపోయినట్టు నటించేవాడు. ఆ నటన చూసి నాకు ఏడుపొచ్చేది. ఆయన కోసం కాదు డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. నా కోసం వెళ్ళా. నాలో ఒక మనిషి ఉండేది. ఎటుపోయిందో వెతుక్కోవడానికి వెళ్ళా.

పనిచేస్తోందా అంటే… అద్భుతాలేం లేవు. మెల్లగా. ఒకరోజు వంటింట్లో టీ పెట్టుకుంటున్నాడు. వెనక్కి తిరిగి ఉన్నాడు, మెడ మీద ఇంజను మసి. అలా చూస్తూ నిలబడిపోయా. టీ పొంగిపోయింది, ఇద్దరం చూసుకోలేదు. అంతే. అంతకంటే చెప్పను, ఆయన నీకు తమ్ముడు.

హలో?… ఏంటలా అయిపోయావు?

నీకూనా?… ఎప్పట్నుంచి?… అన్నయ్యకి చెప్పలేదా?… ఆయనేమనుకున్నాడు?… ముసలిదైపోయిందనుకున్నాడా. ఆయనేదో పెళ్ళికొడుకైనట్టు!… నవ్వొచ్చిందా? నవ్వు. ఏడుపూ నవ్వూ రెండూ రానీ.

ఒకసారి ఇటు రా వదినా. ఇన్జీ దగ్గరికి నేను తీసుకెళ్తా. నీకు ఏ మందు పడుతుందో, అసలు పడుతుందో లేదో ఆవిడ చూస్తుంది. మందు ఇవ్వకపోయినా వింటుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు సగంసేపు ఏడ్చా, ఆవిడ వాచీ చూసుకోలేదు… షేక్‌కి ఏం చెప్పాలా? కట్టు విడిపోయిందని చెప్పు. ఆయనకే పేరొస్తుంది, సంతోషిస్తాడు.

లేదు, దాచను. రేపు నేనే ఆ మందుల షాపుకెళ్తా. మనుషులు బాగా ఉన్నప్పుడే వెళ్తా. "డాక్టర్ హమ్దీ, మొన్నటి జెల్ నాకండీ, మా ఆయనకి కాదు" అంటా… అనుకోనీ. ఒక వారం నా గురించి అనుకుంటారు. ఈ వారం ఆయన మోశాడుగా. నాకు భయం లేదని కాదు. అయినా వెళ్తా.

ఉండు, తాళం చప్పుడైంది… వచ్చాడు. పెట్టెయ్యకు.

సబ్రీ! అబ్బ, ఎంత తడిసిపోయావు!… ఫోన్లో అక్కయ్య… అంతా చెప్పింది. నువ్వు తనతో ఏమన్నావో, కొట్టులో ఏమన్నావో… చేతులు తర్వాత కడుక్కో. ముందు ఇలా కూర్చో… మసి అంటితే అంటనీ. కోపం నా మీద అనుకున్నాను కదా, ఒక్క మాట చెప్తే ఏం పోయింది?… చూడు నా వైపు. అంతమంది నవ్వుతుంటే, నీదే అని ఎందుకన్నావు?

…

…

హలో, వదినా… ఆఁ, ఉన్నా. ఇక్కడే ఉన్నాడు.

ఏమన్నాడా?

ఊరందరికీ అన్నీ తెలుసు కదా వదినా… ఇదొక్కటీ నాకే ఉండనీ. పెట్టేస్తున్నా.