అందరికీ ఒకే నడుము

(పొద్దున్న. ముందు గదిలో కుట్టుమిషను ముందు ఇంటావిడ, ఊళ్ళోవాళ్ళకి బట్టలు కుట్టే దర్జీ. ఎదురుగా కొత్త యూనిఫారం తొడుక్కుని ఉపన్యాసం బట్టీ పడుతున్న ఆవిడ భర్త, పోస్ట్‌మాన్.)

"...కాబట్టి సోదరులారా, ఈ ప్యాంటు మన మీద జరుగుతున్న దౌర్జన్యం!"

"దౌర్జన్యం సంగతి తర్వాత. ముందు కూర్చోండి, చూద్దాం."

"కూర్చోలేను."

"మరి సైకిలెలా తొక్కుతున్నారండీ?"

"నిలబడి. మా ఆఫీసంతా నిలబడే తొక్కుతోంది. సర్కస్ వచ్చిందనుకుని వీధిలో పిల్లలు వెంటపడుతున్నారు."

"సరే, మొదట్నుంచీ చెప్పండి. నేనీలోపు మీ ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే సార్టరుగారి ప్యాంటు నడుము వదులు చేస్తాను. ఆయన నాలుగుసార్లు కబురు పెట్టాడు."

"సోదరులారా..."

"కొత్తగా చేరినావిడ కూడా ఉందిగా."

"సోదర సోదరీమణులారా! అన్ని రకాల యూనిఫారాలూ తొడుక్కుని, అన్నిట్లోనూ పరువు పోగొట్టుకున్నవాణ్ణి ఈ ఆఫీసులో నేనొక్కణ్ణే. అందుకే ఇవాళ తనిఖీకి వచ్చిన పెద్దసారు ముందు ఈ చరిత్ర చెప్పమని నన్ను ఎంచుకున్నారు."

"పరువు సంగతి మీరు చెప్పాలా? వాళ్ళకి తెలీదా?"

"అడ్డు రాకు. వెనకటివాళ్ళు తలపాగా చుట్టి, గంటలు కట్టిన బల్లెం పట్టుకుని ఉత్తరాలు మోసుకుంటూ అడవుల్లో పరుగెత్తేవాళ్ళట. ఆ చప్పుడికి పులులు కూడా పక్కకి తప్పుకునేవట. నేను చేరేసరికి బల్లెం పోయింది, ఖాకీ మిగిలింది. పులుల మాట దేవుడెరుగు, మనుషులు తప్పుకునేవాళ్ళు."

"పోలీసనుకుని."

"నీకు ఉద్యోగం వచ్చిందిరా నాయనా అని కాగితం పట్టుకెళ్ళి తలుపు కొడితే, వాడు పెరటి గోడ దూకాడు! రెండు వీధులు తరిమి పట్టుకుని మరీ ఇచ్చా."

"పెళ్ళిచూపులకీ ఆ ఖాకీలోనే దిగారుగా. మా నాన్న లోపల్నించి గడియ పెట్టేశాడు."

"వేరే చొక్కా ఉంటే కదే. అది ఉపన్యాసంలో లేదు, ఊరుకో. తర్వాత నీలం వచ్చింది. నీలం వేసుకున్న మొదటిరోజే, నన్ను చూస్తే తోకాడించే కుక్క కరిచింది."

"ఎక్కడ కరిచిందో చెప్పకండి అక్కడ."

"చెప్పను. మనుషులు నయం. రండి రండి అని లోపలికి పిలిచి, కారుతున్న కుళాయి చూపించేవాళ్ళు."

"మీరు బాగుచేసి వచ్చేవారు."

"ఒకటో రెండో. కాదంటే చిన్నబుచ్చుకుంటారని. ఆ తర్వాత టీషర్టు. ఉత్తరం చేతికివ్వబోతే, భోజనం తేవడానికి ఇంతసేపా, చల్లారిపోయుంటుంది అని మొహమ్మీద తలుపేశారు. అయినా భరించాం! కానీ ఇది? గట్టిగా గాలి పీలిస్తే బొత్తాం ఎగిరిపోతుంది. వంగితే వెనక పిగిలిపోతుంది. మొన్న మన పొడుగాయన నడిబజార్లో పోస్టు డబ్బా తెరవబోయి వంగాడు..."

"ఆ చిరుగు కుట్టింది నేనే. పాపం, సంచి అడ్డం పెట్టుకుని వచ్చాడు."

"ఈ బాధ పైకి రాసుకుంటే ఏమన్నారు? ఒక ఆదర్శ ఉద్యోగిని నిలబెట్టి కొలతలు తీశాం, ప్యాంటులో లోపం లేదు, మీరే పొట్టలు తగ్గించుకోండి అన్నారు! ఎవడండీ ఆ ఆదర్శ ఉద్యోగి? వాడి పేరు..."

"ఊఁ, ఎవడు?"

"వాడి పేరు... ఈ ముక్క తీసేద్దామనుకుంటున్నా. మరీ పొడవైపోయింది."

"అయ్యో, తీసేయకండి. చప్పట్లు పడేది అక్కడే."

"ఉక్కగా ఉంది. ఫ్యాను వెయ్యి."

"వేసే ఉంది. ఏమండీ, నా దగ్గరికి ఇన్ని చొక్కాలొచ్చాయా, సార్టరుగారిదీ, పొడుగాయనదీ, ఆ కొత్తావిడదీ. అన్నిటికీ ఎడమ భుజం కిందికి వాలి ఉంది. ఎందుకంటారు?"

"కత్తిరించినవాడికి పని రాదు."

"భేషుగ్గా కత్తిరించాడు. సంచి మోసి మోసి ఎడమ భుజం వాలిపోయినవాణ్ణెవణ్ణో నిలబెట్టి కొలిచారు."

"సంచి అందరం మోస్తాం."

"మిగతావాళ్ళంతా కుడి భుజానికి తగిలిస్తారు. ఎడమకి తగిలించేది ఒక్కరే. పెళ్ళైనప్పట్నుంచీ ఆ భుజానికి చొక్కాలు కుడుతున్నదాన్ని, నాకు తెలీదా?"

"ఓసి నీ... ఎవరితోనైనా అన్నావా?"

"ముందు మీరు చెప్పండి. భుజం మీదే. నడుము మాత్రం మీది కాదే! అదెక్కణ్ణించి తెచ్చారు?"

"కొలతలు తీసినచోట నిలువుటద్దం ఉందే! శిక్షణకని పిలిచినప్పుడు వరసలో ముందున్నానని నన్నే లాగారు. టేపు పట్టుకున్నవాడు, ఈ వయసులో కూడా ఒళ్ళు భలే కాపాడుకున్నారు సార్ అన్నాడు. అలా అన్నాక పొట్ట వదలడానికి మనసెలా ఒప్పుతుంది? లోపలికి లాగా. అద్దంలో చూసుకుంటే... నవ్వకు. పెళ్ళిచూపులనాటి కుర్రాడు కనిపించాడే. ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను. వాడు కొలుచుకుని వెళ్ళేదాకా ఊపిరి వదల్లేదు. నా ఒక్కడి ప్యాంటుకే అనుకున్నా. డిపార్టుమెంటు మొత్తానికి కుట్టేస్తారని కలగన్నానా?"

"మీరు ఊపిరి బిగబడితే ఊరంతా బిగబట్టుకుని తిరుగుతోంది."

"నవ్వుతావే తప్ప... నా పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నా మొహాన ఉమ్మేస్తారు. చెప్పకపోతే ఈ ప్యాంటే ఖాయమైపోతుంది. ఆ కొత్తావిడ నిన్న సైకిలు మీంచి పడింది, తెలుసా? మోచెయ్యి గీరుకుపోయింది. నాకు రాత్రి ముద్ద దిగలేదు."

"అయితే చెప్పేయండి. వాళ్ళు మంచివాళ్ళే."

"నన్ను నమ్మి ముందు నిలబెట్టారే! వాళ్ళ ముందు నిలబడి, నేనేనండీ ఆ వెధవని అని ఎలా చెప్పను? వద్దు. నాకు జ్వరమని కబురు పెట్టు."

"జ్వరమంటే నమ్మరు. మొన్న వాళ్ళు ప్యాంట్ల కోసం వచ్చినప్పుడు చొక్కాలన్నీ వరసగా తగిలించి భుజాలు చూపించా. నేను నోరు విప్పకముందే మీ పేరు చెప్పేశారు. సార్టరుగారైతే పడీ పడీ నవ్వి, ఉన్న ఒక్క బొత్తామూ పోగొట్టుకున్నాడు."

"నా కొంప ముంచావు! ఉండు, మొన్నా? నన్ను మాట్లాడమని అడిగింది నిన్న కదే. తెలిసి కూడా నన్నెందుకు అడిగారు? అన్ని యూనిఫారాలూ వేసుకున్నవాణ్ణని కాదా?"

"అది మిమ్మల్ని రప్పించడానికి చెప్పిన మాట. మీరేం మాట్లాడక్కర్లేదట. పెద్దసారు ముందు నిలబడి, ఒక్కసారి ఊపిరి వదిలితే చాలట."