లేని భూమి రాయని గిర్దావర్

1955 జూన్ ఆరవ తేదీన మహబూబాబాదు తహసీలు కచేరిలో గుమాస్తాగా చేరి, 1989 మే నెలాఖరున జనగామలో పదవీ విరమణ చేయుచున్న శ్రీ జగన్మోహన్ గారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసినదిగా సావనీరు సంఘం వారు నన్ను కోరడం నాకు గౌరవకారణం. నేను ఈ కార్యాలయ ఉద్యోగిని కాను; ఇక్కడి సీనియర్ అసిస్టెంటు శ్రీ రవీందర్ గారి భార్యను. మొదట వ్యాసం వారికే అప్పగించారు గాని, అది "విషయము: పదవీ విరమణ, సూచిక: లేదు" అని మొదలైనందున సంఘం వారు దారి మార్చి మా వంటింటి వైపు వచ్చారు.

అరవై తొమ్మిది ఉద్యమంలో జగన్మోహన్ గారు తోటి ఉద్యోగులతో పాటు కలం కింద పెట్టి, సమ్మె ముగిసిన మరునాడు పేరుకున్న కాగితాలను ఎవరి మీదికీ నెట్టక తమ ముందే వేసుకున్నారట. అనంతరం గూడూరులో భూముల లెక్కలు చూసే గిర్దావరుగా నియుక్తులై, పిదప భూపాలపల్లి అడవి గ్రామాలలో ఏళ్ళ తరబడి కాలినడకన తిరిగి, భూమి తగాదా ఏదైనా ఆ చేను గట్టు మీదనే నలుగురినీ పిలిచి పంచనామా రాసిన ఘనత వారిది. నీడకు రమ్మంటే, "నీడల కూసుంటె నీడ సంగతే తెలుస్తది, చేను సంగతి తెల్వది" అనేవారని వినికిడి. 1979లో జనగామకు బదిలీ అయ్యారు. మండలాలు వచ్చి వారి హోదాకు పొడుగాటి ఇంగ్లీషు పేరు వచ్చినా, జనం నోట మాత్రం గిర్దావర్ సాబ్ గానే నిలిచారు.

వారి స్వభావమును తెలుపుటకు 1987 నాటి ఒక్క ముచ్చట చాలును.

మా పక్కింటి లతీఫా బేగం గారు చిన్నతనాననే భర్తను కోల్పోయి, ఒక బర్రెతో, ఒక కుట్టుమిషనుతో కూతురు తాహెరాను పెంచి పెళ్ళి చేశారు. అల్లుడికి కొలువు సముద్రాల అవతల. ఆ దేశం పేరు వ్రాయవద్దని సంఘం వారి సూచన. చలి ఎక్కువని మాత్రం చెప్పవచ్చును. అక్కడ పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉన్న తాహెరాకు తొలి గర్భం ఏడో నెలలో నిలువలేదు. రెండోసారి నెల తప్పగానే, కాన్పుకు పక్కన ఉండాలని తల్లి మూడు నెలల వీసాకు దరఖాస్తు చేసుకున్నారు.

మద్రాసులో ముఖాముఖికి పిలిచారు. దూరప్రయాణమనగానే వారింటి ఆచారం ప్రకారం ఆమె వాడకట్టంతా తిరిగి, "అన్నది విన్నది మాఫ్ చేయుండ్రి" అని అందరినీ అడిగారు. మిషను ఎదురింటి గట్టమ్మకు, బర్రె నాకు అప్పగించారు. అక్కడి అధికారి ఇల్లూ వాకిలీ ఏం చేశావని అడిగితే ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పారు. వారం తిరక్కుండానే జవాబు వచ్చింది: దరఖాస్తుదారు తన పశువును, పనిముట్టును ఇతరుల పరం చేసి, ఇరుగుపొరుగుతో అంతిమ వీడ్కోలు ముగించినందున తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు, వీసా నిరాకరించడమైనది, కావలెనన్న అప్పీలు చేసుకొనవచ్చును.

హనుమకొండ ఏజెంటు ఒకాయన, ఆమె పేర మూడెకరాలున్నట్టు గిర్దావరు చేత ఒక కాగితం రాయించుకొమ్మని ఉపాయం చెప్పాడు. ఆమె ఏడుస్తూ జగన్మోహన్ గారింటికి వెళ్తే, తోడుగా నేనూ వెళ్ళాను.

"మూడెకరాలొద్దు సాబ్, ఒక్కెకరమన్న రాయుండ్రి. పోయినసారి నా బిడ్డ ఒక్కతే పడుకోని ఏడ్సింది."

"లేని భూమి రాయనమ్మా. ఉన్న బర్రెను రాస్త."

"బర్రెను జూసి వీసా ఇస్తరా?"

"ఇయ్యకపోతే మళ్ల రాస్త."

మరుసటి ఆదివారం వారు తమ సొంత కాగితం తెచ్చుకొని, ఇది సర్కారు పని కాదు గనుక కచేరి ముద్రను ముట్టక, వీసా తేలేవరకు మా కొట్టంలోనే ఉన్న బర్రె ఎదుటనే కూర్చుని వాడకట్టును విచారించారు. మాఫీ సంగతి ఎత్తగానే గట్టమ్మ అడ్డం తగిలింది.

"మాఫీ అడుగుడు గామెకు కొత్తనా? మొన్న రఘునాథపల్లికి సుట్టపుసూపు పోతె గూడ అడిగింది. తెల్లారి రాలేదా ఏంది?"

జగన్మోహన్ గారి కలం ఆగింది. "గదే మాట మళ్లొకసారి చెప్పు గట్టమ్మా" అన్నారు. ఆమె మరింత గట్టిగా చెప్పింది.

తరువాత వంతు నాది. బర్రె నాది కాదనీ, నా చేతికి పాలియ్యదనీ, తన్నుతుందనీ, లతీఫక్క రాకుంటే దాన్ని తోలుకొని నేనే ఆ దేశానికి పోతాననీ చెప్పాను. వారు చిరునవ్వైనా నవ్వక "సదరు బర్రె సాక్షిని పలుమార్లు తన్నినది" అని లిఖించి, మోకాలి కమిలిన గుర్తును అరుంధతి గారితో పరీక్షింపజేశారు. అరుంధతి గారు వారి సహధర్మచారిణి. ఆనాడు పంచాయతీకి టీలు అందించిన పాపానికి సాక్షిగా సంతకం కూడా చేయవలసి వచ్చింది. ఇంగ్లీషులోకి తర్జుమా నా వంతు. నా బి.ఏ. చదువు పనికివచ్చిన మొదటి సందర్భం ఒక బర్రె తన్నుడు గురించి కావడం విధి విలాసం.

అప్పీలు పోయింది. ఆమె ప్రతిరోజూ పోస్టుమాన్ దారి చూశారు; నేనూ చూశాను, బర్రె మూలంగా నాది కొంత స్వార్థం. విచారణ దాకా పోకుండానే అక్కడివారు మళ్ళీ పరిశీలించి వీసా మంజూరు చేశారు. తాహెరాకు తొమ్మిదో నెల నిండకముందే తల్లి చేరుకున్నారు. ఆడపిల్ల, బొడ్డు కోసిన గదిలోనే అమ్మమ్మ ఒడికి చేరిందని ఉత్తరం వచ్చింది. గడువు ఇంకా ఉండగానే ఆమె తిరిగి వచ్చి, మా ఇంట్లోకి రాకముందే కొట్టంలోకి పోయి బర్రె మెడ నిమిరారు.

అంతటితో అయిపోయిందని మేమనుకున్నాం. జగన్మోహన్ గారు అనుకోలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ అందరినీ కూడగట్టి, ఆమె తిరిగి వచ్చినట్లు, సదరు బర్రె యజమానురాలికి ముట్టినట్లు రెండో పంచనామా రాసి రిజిస్టరు పోస్టులో మద్రాసుకు పంపారు. ఎవరడిగారని మావారు అంటే, "మాటిచ్చినం గద రవీందర్. రేపు ఇంకో తల్లి పోతది, మన మాట నమ్మాలె" అన్నారు. మరుసటేడు మా వాడకట్టులోనే రజాక్ గారి తల్లికి మొదటిసారే వీసా దొరికింది. కారణం మాకు తెలియదు. తెలిసినట్టు వ్రాస్తే జగన్మోహన్ గారు ఒప్పుకోరు.

గత వారం వారు కచేరిలో ప్రతి కుర్చీ వద్దకూ పోయి, "ఎన్నడన్న ఒక మాట అంటె మనసుల పెట్టుకోకుండ్రి" అని అడుగుతుండగా, పాలు పోయవచ్చిన లతీఫా బేగం గారు వాకిట్లోనే ఆపారు.

"మాఫీ అడగకుండ్రి సాబ్. తిరిగి రారని రాసుకుంటరు."

కనుక కార్యాలయ బృందం, కుటుంబ సభ్యులు, మా వాడకట్టు ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా: శ్రీ జగన్మోహన్ గారికి ఎవ్వరమూ మాఫీ ఇవ్వడం లేదు. ఆ కోరికను పెండింగులో ఉంచి, వారు అరుంధతి గారితో కూడి నిండు ఆరోగ్యంతో, నూరు వసంతాలు, ఈ వాకిటికి తిరిగి తిరిగి వస్తూ ఉండవలెనని మనసారా కోరుచున్నాము. ఈ తీర్మానంపై అప్పీలు లేదు.