బన్ జిన్ బా లియాంగ్

రెండువేల సంవత్సరం తేదీల కోసం కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసే వైటూకే పనులు ముగుస్తున్న రోజులు. పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ పేటలోని ఫ్లాట్‌లో ఒక ప్రోగ్రామర్, చైనీస్ నేర్చుకుంటున్న భార్యని అడిగాడు.

“‘బన్ జిన్ బా లియాంగ్’ అంటే ఏంటి? నన్నూ, నాతో పనిచేసే ఉపేంద్రనీ చూసి మేనేజర్ పక్కనున్నావిడతో అన్నాడు.”

“అర జిన్, ఎనిమిది లియాంగులు. పాత తూకంలో జిన్‌కి పదహారు లియాంగులండీ.”

“అంటే ఇద్దరం సమానమేగా? నన్ను ఉద్యోగంలో ఉంచుతారంటావా?”

“అది మెచ్చుకోలు కాదండీ. మన ‘దొందూ దొందే’ లాంటిది. అంతకుముందు మీరేమన్నారు?”

“ఒక్కరినే ఉంచుతామన్నారు. భయమేసింది. ప్రోగ్రాం ఆగిపోయింది ఉపేంద్ర వల్లేనని చెప్పాను.”

“నిజమేనా?”

“తప్పు ఇద్దరిదీ.”

“మీరలా చెప్పినట్టు ఆయనకి తెలుసా?”

“తెలీదు. ఆదివారం మనల్ని భోజనానికి రమ్మన్నాడు.”

అతను ఆమె వైపు చెయ్యి చాపాడు.

“ఫోన్ ఇలా ఇవ్వు. ఇంకెవరైనా చెప్పేలోగా వాడికి నేనే చెప్తాను.”