మొదటి కుర్చీ

రెండు కుర్చీల సెలూన్‌లో మొదటి కుర్చీ అన్నయ్యది, రెండోది తమ్ముడిది. ప్రింటింగ్ ప్రెస్సు నడిపే బాబాయి ముఖం నిండా నురగతో అన్న కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. తమ్ముడి కుర్చీ అప్పుడే ఖాళీ అయింది.

"తల కొంచెం అటు తిప్పండి బాబాయ్."

"తిప్పానురా పెద్దోడా. ఇంతకీ డాక్టరుకి ఏం చెప్పారు?"

"ఏం చెప్తాం. ఆలోచించుకుంటామన్నాం."

"మనం అనలేదన్నయ్యా, నువ్వన్నావు. ఆయన ఈ సాయంత్రంలోగా ఆపరేషన్ సంగతి ఏదో ఒకటి తేల్చమన్నాడు."

"చూశారా బాబాయ్. మెడ నాది, తొందర వాడిది."

"అసలు ఏమైందిరా నీ మెడకి? చిన్నోడు చెప్తే సగమే అర్థమైంది."

"వెన్నుపాము ఉంటుంది కదా, మెదడు నుంచి కిందికి. మెడ దగ్గర ఎముకలు అరిగి, పెరిగి, దాన్ని నొక్కేస్తున్నాయట. అందుకే వేళ్ళు మొద్దుబారాయట. చొక్కాకి గుండీలు పెట్టాలంటే మీ కోడలు రావాలి."

"చెప్పు సంగతి కూడా చెప్పన్నయ్యా. కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు బాబాయ్. మొన్న ఒక్క చెప్పుతో బజారంతా తిరిగొచ్చాడు."

"అది పాత చెప్పు."

"మెడ వంచితే వీపులో కరెంటు కొట్టినట్టుంటుందని కూడా చెప్పు."

"అన్నీ నువ్వే చెప్పెయ్. ఈ కుర్చీ కూడా నువ్వే తీసేసుకో."

"మళ్ళీ కుర్చీ దగ్గరికొచ్చావా."

"రాకేం చేస్తాను? బాబాయ్, ఆ లెక్కల మాస్టారు లేడూ, నిన్న నా కుర్చీ ఖాళీగా ఉంటే వీడి కోసం కూర్చున్నాడు. 'పర్లేదులే, నాకేం తొందర లేదు' అంటాడు. నా కళ్ళ ముందే పేపరు మొత్తం చదివేశాడు, ప్రకటనలతో సహా."

"మాస్టారికి పేపరంటే ఇష్టం."

"మా అల్లుడికీ పేపరంటే ఇష్టమేనా? పిల్లనిచ్చిన మామని, నేనిక్కడ గుడ్డ దులిపి నిలబడితే, వెళ్ళి చిన్నమామయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక మీ కోడలు ఏమందో తెలుసా? మరిది చేతిలో పడ్డాక అల్లుడి ముఖానికి ఎంత కళొచ్చిందో అంది. కట్టుకున్న పెళ్ళాం."

"అది నన్ను పొగిడినట్టు కాదన్నయ్యా. అల్లుడి ముఖాన్ని పొగిడినట్టు."

"నీకు మాటలు కూడా బాగానే వస్తున్నాయి."

"ఒరేయ్ ఇద్దరూ ఆగండి. నురగ ముక్కులోకి పోతోంది."

"అయ్యో, ఉండండి, తుడుస్తాను. బాబాయ్, నాకు పని నేర్పింది నాన్న. వీడికి నేర్పింది నేను. గాలి ఊదిన బుడగకి నురగ పట్టించి, పగలకుండా గీయమనేవాణ్ణి. బుడగలన్నీ పేల్చేసేవాడు వెధవ. ఇప్పుడు పొద్దస్తమానం వాడి కత్తెర చప్పుడే. అది వింటుంటే నా కంచంలోది ఎవరో కూర్చుని తింటున్నట్టుంటుంది."

"ఆపరేషన్ చేయించుకుంటే నీ కత్తెరా ఆడుతుందేమో కదరా."

"ఆడుతుందని డాక్టరు అనలేదు. ఇంకా పాడవకుండా ఆపుతానన్నాడు. పోయింది తిరిగొస్తే దేవుడి దయ అన్నాడు. డాక్టరే దేవుడి మీదకి తోసేశాక నేనింకెవరిని అడగను?"

"చేయించుకోకపోతే ఏమవుతుందో కూడా అన్నాడు. జారి పడితే చాలు, కాళ్ళూ చేతులూ పడిపోవచ్చన్నాడు."

"ఎక్కడ కోస్తాడో చెప్పావా? గొంతు పక్క నుంచి లోపలికెళ్తాడట బాబాయ్. సరిగ్గా ఇదిగో, ఇక్కడ. గడ్డం గీస్తూ ఇక్కడికి రాగానే నేను ఊపిరి బిగబడతాను. కత్తి కింద నరం ఎంత మెత్తగా కొట్టుకుంటూ ఉంటుందో నాకు తెలుసు. రోజూ దణ్ణం పెట్టుకుని అడుగుతున్నాను, ఇంత బరువైన తలని అంత సన్నటి తాడుతో ఎందుకు కట్టావు స్వామీ అని."

"ఏమన్నాడు?"

"ఆయన కూడా ఆలోచించుకుని చెప్తాడేమో."

"భయంగా ఉందని చెప్పన్నయ్యా, ఒప్పుకుంటాను. నెపం కుర్చీ మీద పెట్టకు."

"భయం కాదురా. నేను నెలల తరబడి మంచంలో ఉండి తిరిగొచ్చేసరికి ఇది మొత్తం నీ కొట్టయిపోతుంది. నాకంటూ ఈ బాబాయి ఒక్కరు మిగిలారు. నీ కుర్చీ వంక ఒక్కనాడూ చూడలేదు. రోజు విడిచి రోజు వచ్చి నా చేతికే గొంతు అప్పగిస్తారు. ఈయన నమ్మినంత కాలం నా చేయి బాగున్నట్టే. ఈ చెంప చూడు, అద్దంలా లేదూ? ఒక్క గాటు పెట్టానా ఇన్నాళ్ళలో?"

"లేదన్నయ్యా."

"మీరు చెప్పండి బాబాయ్. పెట్టానా?"

"లేదురా. నిజంగానే లేదు."

"మీ వెంట్రుక కూడా మెత్తన. తెల్ల గడ్డం, తెల్ల నురగ, ఏది ఏదో తెలియకుండా వచ్చేస్తుంది. ఒరేయ్, కత్తికి పదును తగ్గినట్టుంది. కొత్త బ్లేడు ఇటివ్వు."

"కత్తి ఇవ్వు, నేను మారుస్తాను. రోజూ నేనేగా వేసిచ్చేది."

"ఇవాళ నేనే వేసుకుంటాను."

"వద్దన్నయ్యా, వేళ్ళు తెగుతాయి."

"తెగితే నా వేళ్ళేగా."

"వాడికివ్వరా పెద్దోడా."

"మీరు పడుకోండి బాబాయ్. వదలరా చేయి. వదులు. ఇదిగో, బ్లేడు బిగించే చోటు తెరుచుకుంది. చూశావా, నా వేళ్ళకి... ఒరేయ్."

"అన్నయ్యా."

"ఇందులో బ్లేడేదిరా? కింద పడిందా? కదలకండి బాబాయ్, మీ మీద గానీ పడిందేమో."

"పడలేదు. నేను వేయలేదు."

"మర్చిపోయావా?"

"లేదు."

"మరి ఈ గడ్డం ఎలా పోయింది?"

"పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి నేను గీసి వస్తున్నాను. తర్వాత ఆయన ఇక్కడికొస్తారు."

"ఎప్పటి నుంచి?"

"మాస్టారికి చెవి వెనక తెగినప్పటి నుంచి."

"మాస్టారికా? నా చేతిలోనా? ఆయన అమ్మా అని కూడా అనలేదే."

"నువ్వు పాడుకుంటూ పని చేస్తున్నావు. నీకు చెప్పొద్దని నాకు సైగ చేసి, దూది ఒత్తుకుంటూ వెళ్ళిపోయాడు."

"అంటే బాబాయ్, మీరు కూడా వాడి గిరాకీయే అన్నమాట."

"నీ కుర్చీ ఖాళీగా ఉంటే చూడబుద్ధి కాలేదురా."

"ఇద్దరూ నవ్వుకునేవాళ్ళా?"

"ఒక్కసారి నవ్వాంరా. ఇవాళ బ్లేడు మంచి పదునుగా ఉందని నువ్వన్న రోజు."

"వాడి చేయి ఎలా ఉంటుంది బాబాయ్? నిజం చెప్పండి."

"ఎలా ఉంటుందంటే... నీ చేయిలాగే ఉంటుందిరా. నువ్వు బాగున్నప్పటి చేయి."

"గొంతు దగ్గర?"

"గొంతు దగ్గరికొస్తే నెమ్మదిస్తాడు. నీలాగే ఇంక మాట్లాడడు."

"అన్నయ్యా, కోపమొస్తే నాలుగు దెబ్బలు కొట్టు. కానీ సాయంత్రంలోగా ఆ డాక్టరుకి..."

"లేవండి బాబాయ్, కుర్చీలోంచి."

"పొమ్మంటావుట్రా నన్ను?"

"నేను కూర్చోవాలి. ఒరేయ్, ఈసారి బ్లేడు వేసుకుని రా. ఆ డాక్టరు కోసే చోట ఒక్క వెంట్రుక కూడా ఉండకూడదు."