మూలన నల్ల గీత

ట్రిగ్గరే మాస్టారూ, ఇంకేంటి? నూటికి నూరుపాళ్ళూ ట్రిగ్గరే! వేలు ఇలా ఆనించానో లేదో అక్కడ ఠప్పుమంటుంది. నిన్న పోటీలో అయిదుసార్లు అలాగే అయింది. పదులు పడాల్సిన చోట అయిదు ఏడులు పడ్డాయి. నా తప్పా అది?

ఏంటీ, ట్రిగ్గరుకి తూకం రాయి వేలాడదీసి చూశారా? ఎప్పుడు? నేను రాకముందేనా? సరిగ్గా నియమం ప్రకారం అయిదొందల గ్రాములకే విడిందా... సరే. అయితే లైట్లు. ఆ హాల్లో లైట్లు చూశారుగా, పెళ్ళిపందిరికి పెట్టినట్టు ఒకటే వెలుగు! పిస్టలు కొసన గురిచూసే ముందు సైటు మీద పడి మెరుస్తోంది. దాన్ని చూడనా, టార్గెట్టుని చూడనా? పైగా పక్క లేన్లో ఆవిడొకత్తి. ప్రతి షాటుకీ ముక్కు ఎగబీలుస్తుంది. అరవై షాట్లు, అరవై ఎగబీల్పులు! లెక్కపెట్టాను.

నవ్వకండి. మీరు నవ్వితే మీసం కదుల్తుంది, నాకు తెలిసిపోతుంది.

మీకేం, గోడకి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో నేనెలా కూర్చున్నానో మీరు చూడలేదు. ఏడు పాయింట్లు మాస్టారూ! ఏడంటే ఏడు పాయింట్ల తేడాతో మూడో స్థానం పోయింది. టీములో మిగతా ఇద్దరూ బాగానే కాల్చారు. నేనే ఆరొందలకి అయిదొందల యాభై ఆరు దగ్గర చతికిలబడ్డాను. ఒక్కత్తీ ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. బిస్కెట్ పాకెట్టు అటునించి ఇటు, ఇటునించి అటు నా మీదుగానే వెళ్ళింది, నన్ను మాత్రం ఎవరూ తీసుకోమనలేదు.

ఆ టైలర్ గారమ్మాయైతే మరీను! తనకి టీములో చోటు రాలేదు కదా, హాయిగా ఇంట్లో ఉండొచ్చుగా? రెండు బస్సులు మారి చూడ్డానికొచ్చింది. మూడు గంటలు నా వెనకాలే నించుంది. అయిపోయాక దగ్గరికొచ్చి, "పద్దుల పిన్నీ, చివరి పదీ భలే కాల్చారు" అంది. భలేనా? నూటికి తొంభై ఒకటే! పంతొమ్మిదేళ్ళ పిల్ల నన్ను ఓదార్చింది. వెటకారం చేసినా సుఖంగా ఉండేది.

అవునూ, అది నా సంచీ కాదూ? ఆ కాల్చిన టార్గెట్ కార్డులెందుకు బయటికి తీశారు?

అబ్బే, ఏం లేదు, ఊరికే అడిగాను. మీరెప్పుడూ చూడరుగా. ఈ రేంజిలో చేరిన రోజే చెప్పారు, "ఎవరి లెక్క వాళ్ళే రాసుకోండి, నేను చూడను" అని. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ అదే పద్ధతి అంటారు అందరూ. నాకెంత నచ్చిందో ఆ మాట! మా ఆఫీసులో ఒక కాగితం మీద తొమ్మిది సంతకాలుంటాయి, తొమ్మిదిమందిలో ఒక్కడూ చదవడు.

ఆఫీసంటే గుర్తొచ్చింది. అసలు నా ఏకాగ్రత పాడయింది అక్కడే మాస్టారూ. మీకు చెప్పలేదు కదా?

నేను అప్పుల విభాగంలో చేస్తానని తెలుసుగా. ప్రభుత్వం మొత్తం ఎంత అప్పు తెచ్చింది, ఎంత తీర్చింది, వడ్డీ ఎంత, మూడు నెలలకోసారి పట్టిక వెయ్యాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే పట్టిక. నేను చేరినప్పుడు వడ్డీ గడి ఇంత ఉండేది, బొటనవేలంత. ఇప్పటికి మూడుసార్లు వెడల్పు పెంచాను. అంకె పట్టడం లేదు! పోయినేడు తెచ్చిన కొత్త అప్పులో సగం పాత అప్పుల వడ్డీకే పోయింది. సగం! ఎవరికైనా చెబితే ఆవలిస్తారు. మా ఆయనైతే, "దేశం అప్పంతా నీ నెత్తి మీదే ఉన్నట్టు మాట్లాడతావేంటే" అంటాడు.

ఉంది మరి. నా నెత్తి మీదా ఉంది, ఆయన నెత్తి మీదా ఉంది. బస్సులో కూర్చుంటే నాకు వేరే పనుండదు, తలకి ఎంత పడుతుందో వేసుకుంటూ ఉంటాను. ముందు సీట్లో వాళ్ళమ్మ భుజం మీదనించి చంటిది నన్ను చూసి బోసినవ్వు నవ్వుతుంది. ఒసేయ్, నీ పేరు మీద కూడా ఉందే అనుకుంటాను. నాకు ఏడుపొస్తుంది మాస్టారూ, నిజంగా.

చట్టంలో ఒక గీత పెట్టుకున్నారు, అప్పు దీన్ని దాటకూడదని. మార్చిలో పట్టిక వేస్తే దాటిపోయింది. కొంచెం కాదు, బాగానే. డైరెక్టరు గారు పిలిచారు. పెద్దాయన, మర్యాదస్తుడు, గొంతు కూడా లేవదు. "అమ్మా, ఆ కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినవి ఇందులో ఎందుకేశావు? అవి మనవి కాదు. మనం హామీ ఉన్నామంతే. ఆఖరి పేజీలో కింద ఎక్కడన్నా రాయి" అన్నారు.

మనవి కాకపోతే వడ్డీ మనమెందుకు కడుతున్నాం సార్ అన్నాను. గట్టిగానే అన్నాను. అటెండరు కూడా తలుపు తీసి చూశాడు. ఆయన కోప్పడలేదు. "అవి లెక్కలోకి రావమ్మా" అన్నారు, చంటిపిల్లకి చెప్పినట్టు. అంతే. ఆఖరి పేజీకి పంపేశాను. పైన పట్టిక చూస్తే శుభ్రంగా గీతకి లోపలే ఉంది. సంతకం పెట్టాను.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయనేమన్నాడో తెలుసా? ఆయన లిఫ్టు మెకానిక్కు కదా. బరువెక్కువైతే లిఫ్టులో గంట మోగుతుంది. ఆ మోత భరించలేక కొన్ని అపార్ట్‌మెంట్ల వాళ్ళు గంట వైరు పీకేయిస్తారట. "జనం హాయిగా ఎక్కుతారే, తాడుకి మాత్రం తెలుస్తుంది" అన్నాడు. చెప్పి, అన్నం కలుపుకుని తిన్నాడు. నేను నా కంచం తీసేశాను.

మాస్టారూ, ఆ కార్డుల్ని రెండు దొంతర్లుగా పెడుతున్నారేంటి?

సరే, పెట్టండి. నాకేం.

మీకు తెలీదు, ఈ రేంజి లేకపోతే నేనేమైపోయేదాన్నో. అక్కడ అంకెలన్నీ అబద్ధాలు చెబుతాయి. ఇక్కడ పది మీటర్ల దూరంలో ఒక నల్లచుక్క. కాలిస్తే చిల్లు పడుతుంది. తొమ్మిదిలో పడితే తొమ్మిదే, ఏ డైరెక్టరూ దాన్ని పది చెయ్యలేడు. అందుకే వచ్చాను. మీరేమో మొదటి ఆర్నెల్లూ తెల్లగోడ ముందు నించోబెట్టారు. పెల్లెట్టు లేదు, టార్గెట్టు లేదు, ఖాళీ పిస్టలు. "గోడకి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కమ్మా, ముందు సైటు కదలకూడదు" అనేవారు. నొక్కాను. నొక్కీ నొక్కీ గోడ మీద పెచ్చులెన్నున్నాయో కూడా చెప్పగలను.

ఏం చెయ్యలేదు నేను? వంటింట్లో లీటరు నీళ్ళ సీసా చెయ్యి చాపి పట్టుకుని నించునేదాన్ని, కుక్కరు మూడు విజిల్సు వచ్చేదాకా. కాఫీ మానేశాను. కళ్ళజోడు మార్చాను. మా ఆయన కొత్త సోఫా అడిగితే, ఆ డబ్బు పెట్టి పిస్టలు పిడి నా చేతి కొలతకి చెక్కించుకున్నాను. మూడేళ్ళు! మూడేళ్ళు చేసి ఎక్కడున్నాను? అయిదొందల యాభై ఎనిమిది. చలికాలం యాభై ఎనిమిది, ఎండాకాలం యాభై ఎనిమిది. నా తర్వాత ఏడాదిన్నరకి చేరిన టైలర్ గారమ్మాయి, అద్దె పిస్టలుతో, అరవై నాలుగు! ఒళ్ళు మండదా?

మండింది. చెప్పడానికి సిగ్గేంటి.

తర్వాత పెరిగిందిగా? వరసగా ఆరు ప్రాక్టీసులు, సగటు అయిదొందల డెబ్బై. మీరు టీము బోర్డు మీద నా పేరు రాసిన రోజు... మీరు తల తిప్పి చూడలేదు గానీ, నేను బాత్రూములోకెళ్ళి ఏడ్చాను మాస్టారూ. సంతోషంతోనే అనుకోండి.

ఆ గీతలా? సైటింగ్ కార్డులండీ. మూలన నల్ల గీత ఉంటే సైటింగే కదా. ప్రింటువి అయిపోయాయని మనమే మార్కరుతో గీసుకుంటున్నాం. ఇంట్లో సంచీ సర్దుతుంటే మా ఆయనా అడిగాడు, ఈ గీతేంటని. పోటీకి ముందు చెయ్యి కుదరడానికి కాల్చుకునేవండీ, లెక్కలోకి రావు అని చెప్పాను. ఆయన రెండు కార్డులు అటూ ఇటూ తిప్పి, "గీత ముందు గీస్తారా, కాల్చాక గీస్తారా?" అన్నాడు. ముందే గీస్తారు, అదేం ప్రశ్న అని కసురుకున్నాను. పాపం, వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.

రోజుకి ఒక్కటే ఉండాలా? అవును, ఒక్కటి చాలు. ఒక్కోరోజు చెయ్యి కుదరదు కదా మరి...

ఆ డబ్బా ఎక్కడిది? నా పెల్లెట్ల డబ్బానా? రెండోదా?

మాస్టారూ, మీరు మామూలు మనిషి కాదు. రోజుకి అరవై షాట్లు, పది సైటింగు. ఆరు రోజులకి నాలుగొందల ఇరవై. డబ్బాలో ఉండేవి అయిదొందలు. ఎనభై మిగలాలి. రెండో డబ్బా ఎందుకు తెరిచానా అని చూస్తున్నారు, అంతేగా? లెక్కలు నా వృత్తి. మీరు మాత్రం వేళ్ళ మీదే పట్టుకున్నారు!

కూర్చుంటానుండండి.

మార్చిలోనే. ఆ పట్టిక మీద సంతకం పెట్టిన రోజే. పదకొండింటికి అక్కడ సంతకం, అయిదింటికి ఇక్కడికొచ్చాను. ఒళ్ళంతా మంట. మొదటి కార్డు, పది షాట్లకి తొంభై నాలుగు, బాగానే ఉంది. రెండోది ఎనభై తొమ్మిది. కార్డు దగ్గరికి రప్పించి చూసుకున్నాను, ఎడమపక్కకి జారిపోయి మూడు ఏడులు. ఎవరూ లేరు. మార్కరు బల్ల మీదే ఉంది. ఇది సైటింగ్ అనుకుంటే పోలా అనిపించింది. అంతే మాస్టారూ, అంతకంటే పెద్ద ఆలోచనేం లేదు. మూలన గీత గీశాను. ఇంకో కార్డు కాల్చాను. తొంభై అయిదు. దాన్ని రాసుకున్నాను.

ఆ రోజు రెండు కార్డులకి గీశాను. తర్వాత ప్రతి రోజూ రెండు. ఎనిమిది కాల్చి ఆరు రాసుకోవడం. నేను ఒక్క అంకె కూడా దిద్దలేదు, తెలుసా! పుస్తకంలో ఉన్నవన్నీ నిజంగా కాల్చినవే. లెక్కలోకి రానివి ఆఖరి పేజీకి పంపానంతే. డైరెక్టరు గారిని ఎన్ని తిట్టానో! ఆయన పొద్దున పాఠం చెప్పారు, నేను సాయంత్రానికల్లా నేర్చేసుకున్నాను.

గీత గీసినవీ కలిపి రోజుకి మొదటి ఆరూ వరసగా వేస్తే ఎంతొస్తుందో నాకు తెలుసండీ, మీరు కష్టపడక్కర్లేదు. అయిదొందల యాభై ఎనిమిది. మార్చికి ముందు ఎక్కడున్నానో అక్కడే.

నమ్మేశాను కూడా. అదీ వింత. డెబ్బై కాలుస్తున్నాననే నిన్న వెళ్ళాను. గీత గీసుకోడానికి అక్కడ మార్కరు లేదు. మొదటి ఏడు పడగానే, అయ్యో ఇది లెక్కలోకొస్తుందే అనుకున్నాను. అప్పుడు మొదలైంది వణుకు. నా బదులు ఆ పిల్ల వెళ్ళుంటే తన అరవై నాలుగు తను కాల్చేది. ఎనిమిది పాయింట్లు ఎక్కువ. మనకి తగ్గింది ఏడు. వ్యాన్లో ఈ తీసివేత ఎన్నిసార్లు చేశానో! అలాంటిదాన్ని పట్టుకుని, ఆ పిల్ల భలే కాల్చారంది.

ఆ కాగితం ఇటివ్వండి. వచ్చేనెల పోటీకి జాబితా ఇదేగా? నాలుగింటికల్లా పంపాలన్నారు. నా పేరు ఎదురుగా డెబ్బై అని ఉంది, కింద నన్నే సంతకం పెట్టమంటారు. మీ పద్ధతి మీది! అరిచి నాలుగు తిట్టొచ్చుగా? తిట్టరు. పెన్ను చేతికిస్తారు.

ఇదిగో, కొట్టేశాను. టైలర్ గారమ్మాయి పేరు రాశాను. అక్షరాలు కనిపిస్తున్నాయా? తనకి మీరే చెప్పండి. ఎందుకు మార్చారని అడిగితే... నిజమే చెప్పండి. ఇక నన్ను పిన్నీ అని పిలవకపోతే పిలవదు.

రేపా? రేపు మళ్ళీ పట్టిక రోజు. అక్కడ రెండో డబ్బా తెరిచి చూసే మాస్టారెవరున్నారండీ? నేను సంతకం పెట్టనంటే పక్క సీటాయన పెడతాడు, ఆయనకి కాగితం తిప్పి చూసే అలవాటు కూడా లేదు. ఏం చేస్తానో నాకు తెలీదు. మీ ముందు గొప్పలు పోయి, పెట్టనని మాటివ్వలేను.

పిస్టలు మీ దగ్గరే ఉంచండి కొన్నాళ్ళు. ట్రిగ్గరు బాగానే ఉంది.

మీరు ఎప్పుడూ అడుగుతారుగా, చెయ్యి ఎక్కడ వణుకుతోందో కనిపెట్టమ్మా అని? కనిపెట్టాను. ప్రతి షాటుకీ వణికింది, మూడేళ్ళు. మార్కరు పట్టుకుని ఆ గీతలు గీసేటప్పుడు మాత్రం ఒక్కసారీ వణకలేదు మాస్టారూ.