విమానానికి తగిలిన జెర్బెరా కాడ

చేవెళ్ల బస్టాండు పక్కన వనిత చాయ్ కొట్టు. ఎంకపల్లి జయరాజ్ అప్పుడే వచ్చి బెంచీ మీద కూసున్నడు. కొత్తగ ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్ ఏసి జెర్బెరా పూలు పెట్టిండు. మొక్కలు చచ్చిపోతున్నయని ఆయన అన్నడో లేదో, పక్కనున్న హన్మంతు అందుకున్నడు.

"ఓస్, గింతేనా తమ్మీ! నావి గూడ గిట్లనే చచ్చినయ్. మొక్క నడిమి మొదలు మెత్తగైతే, మన్నుల లోతుకు పాతినవని లెక్క. జర పైకి లేపిన. మొదలు మన్ను మీదికి తేలాలె. నెత్తి మీద నీళ్లు పొయ్యకుంట, మన్ను ఆరినంకనే ఏర్ల కాడ ఇచ్చిన. అంతే, కుళ్లు ఆగింది, పక్కకెల్లి కొత్త చిగురు!"

"గిది నమ్మొచ్చు," అన్నది వనిత, పాలు పొంగకుంట మంట తగ్గించి.

"ఆగు చెల్లె, అసలు ముచ్చట ఇనలే. తర్వాత ఏమైందో ఎరికేనా? ఆకులు పసుపైనయ్, ఈనెలు మాత్రం పచ్చగున్నయ్. సౌడు బోరునీళ్లకు మొక్కకు ఇనుము అందుతలేదు. నీళ్లు సరిచేసి ఇనుము మందు ఇచ్చిన. జర చెయ్యి జారి ఎక్కువ పడ్డది. తెల్లారి ముదురాకు కొయ్యబోతే కొడవలి ఇరిగింది!"

"ఆకుకా?" అన్నది వనిత.

"ఆకుకే! ఆఖరికి కమ్మరాయనను పిలిచి కోపిచ్చిన. గంతల తామరపురుగులు దిగినయ్, పూరేకుల నిండ తెల్లచారలు. నీలిరంగు అట్టలకు బంక పూసి కట్టిన. నీలిరంగంటే పురుగుకు మోజు, వచ్చి అతుక్కుంటది. ఎన్ని అతుక్కున్నయంటే, అట్ట విప్పుదామని పట్టుకున్ననా, అన్నీ ఒక్కసారె రెక్కలు కొట్టినయ్! నన్నెత్తుకొని చందనవెల్లి కంపెనీల మీదికెల్లి తిప్పి తెచ్చినయ్. కిందికెల్లి వాచ్‌మెన్ గేట్‌పాస్ అడుగుతున్నడు!"

వనిత నవ్వాపుకోలేక చెంగు అడ్డం పెట్టుకున్నది. జయరాజ్ నవ్వలే.

"మల్ల కాడలు పొట్టిగొస్తుండె. ఎండ ఎక్కువైందని పైన నీడగుడ్డ కప్పిన. ఇగ కాడ పెరుగుడు పెరుగుడు, కప్పు దాటింది, మబ్బు దాటింది, శంషాబాద్‌ల దిగే విమానానికి తగిలింది. లోపలున్న ఒకామె కిటికీలకెల్లి చెయ్యి పెట్టి పూవు తెంపుకున్నది! ఏం పూలనుకున్నవ్ తమ్మీ... పొద్దుగాల లోపలికి అడుగుపెడితే ఎర్రయి, నారింజవి, అన్నీ నా దిక్కే చూస్తుండె. ఇప్పటికి గూడ కండ్లు మూస్తే..."

జయరాజ్ గ్లాసు కింద పెట్టిండు.

"హన్మంతన్నా, నీ పాలీహౌస్ గాలిదుమారానికి లేచిపోయి ఏండ్లాయె. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌ల గడ్డి కత్తిరిస్తున్నవ్. విమానం ముచ్చట ఇడిశిపెట్టు. నేను పంట పోతదేమోనని భయంతోని ఉన్న. గా మొదలు పైకి లేపుడన్న నిజమేనా?"

హన్మంతు రోడ్డు దిక్కు చూసిండు.

"అది నిజమే తమ్మీ," అన్నడు, గొంతు తగ్గించి. "గా ఫామ్‌హౌస్‌ల ఒక్క పూలమొక్క గూడ పెట్టనియ్యరు. అంత గడ్డే. నీ మొక్కలు లేపే రోజు నన్ను పిలువు. కూలొద్దు. జర చెయ్యి పెట్టనియ్యి చాలు."

జయరాజ్ లేచి బండి ఎనుక సీటు మీది దుమ్ము తుడిచిండు.

"ఇప్పుడే పోదాం, ఎక్కన్నా."

హన్మంతు చెప్పులకంటిన గడ్డి దులుపుకొని ఎనుక ఎక్కిండు.